నవ్వుతో వేసిన ముడి

ఆరో తరగతి సగంలో నేను బడి మానేస్తే, ఎందుకు రావడం లేదని మా సారు ఇంటికి వచ్చి అడగలేదు. వీడు మళ్లీ రాకుండా చూసుకోమని మా నాయనకు కబురు పంపాడు. నాయన జన్మలో సారు మాట విన్నది ఆ ఒక్కసారే. అట్లాంటి నేను నలభై మూడేళ్ల వయసులో, నెత్తిమీద వెంట్రుకలు సగం రాలిపోయాక, అదే బడికి పిల్లలకు చదవడం నేర్పడానికి వెళ్లాను. గేటు దగ్గర ఆయా నన్ను ఆపి, మధ్యాహ్న భోజనం అయిపోయింది, గిన్నెలు కూడా కడిగేశామని చెప్పింది.

నా పని మైకు. ఆటో మీద రెండు గొట్టాలు కట్టుకుని మా ఊళ్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ చాటింపు వేస్తాను. చీరల అంగడిలో తగ్గింపు ధరలు, కంటి వైద్యుల శిబిరం, తప్పిపోయిన పాడి ఎనుము, కుళాయి నీళ్లు రాని రోజులు. మామిడికాయల కాలంలో బనగానపల్లె దాకా పోయి వస్తాను. ఎవరైనా పోతే ఎన్ని గంటలకు తీసుకుపోతారో చెప్పేదీ నేనే. మా ఊళ్లో ఎవరు చచ్చినా నా గొంతులో ఇంకోసారి చావాలి.

మాది సగం మగ్గాల ఊరు. కర్నూలు నుంచి రోజూ బస్సులో వచ్చే టీచరమ్మ ఒకామె మూడు, నాలుగు తరగతులు చూసేది. ఆ పిల్లల్లో చాలామందికి అక్షరాలు విడివిడిగా వస్తాయి, కలిపి చదవడం రాదు. బడి వదిలాక గంటసేపు వాళ్లతో కథల పుస్తకాలు చదివించడానికి ఊళ్లోవాళ్లు ఎవరైనా ఊరికే వస్తారేమోనని ఆమె ఇల్లిల్లూ అడిగింది. చదువుకున్నవాళ్లకు తీరిక లేదు. తీరిక ఉన్నవాళ్లకు చదువు లేదు. చివరికి ఒకరోజు బస్టాండు దగ్గర నా ఆటో ఆపి, "అన్నా, నీ గొంతు వినపడితే పిల్లలు తినే అన్నం వదిలేసి బయటికి వస్తారు. నువ్వొచ్చి కథలు చదివి వినిపించి, వాళ్లతో చదివించకూడదా?" అంది. పొగిడితే నేను పాడెనైనా మోస్తాను. ఒప్పేసుకున్నాను.

నేను ఎంత చదివానని ఆమె అడగలేదు. చేతిలో కాగితం పట్టుకుని రోజుకు నాలుగు చాటింపులు వేసే మనిషిని, చదవడం వచ్చా అని ఎవరు అడుగుతారు?

నిజం చెప్పాలంటే నాకు చదవడం వచ్చు, రాళ్ల దారిలో ఆటో వచ్చినట్టు. తేలిక మాటలు గడగడా పోతాయి. ఒత్తు మీద ఒత్తు ఎక్కిన మాట అడ్డం వస్తే దిగి తోసుకోవాల్సిందే. చాటింపు కాగితం నాకు అలంకారం. తెచ్చినవాళ్లతో, "ఎట్లా చెప్తే బాగుంటుందో ఒకసారి మీరే చెప్పండి సార్" అంటాను. వాళ్లు చెప్తారు. ఒకసారి విన్నది నేను మరిచిపోను. ఈ విద్య బడిలోనే పట్టుబడింది. సారు లేపి చదవమంటే, గడ్డు మాట రాగానే ఏదో ఒక కొంటె మాట విసిరేవాణ్ణి. తరగతంతా నవ్వేది. సారు బెత్తం తీసేవాడు. నవ్వించినందుకు పడిన దెబ్బలు అవి, చదవలేనందుకు కాదు. ఆ రెండింట్లో నాకు మొదటివే మర్యాదగా ఉండేవి. అన్నేళ్లు నన్ను కొట్టిన సార్లలో ఒక్కరికైనా వీడికి చదవడం రాదేమోనన్న అనుమానం రాలేదు. అంత బాగా నవ్వించేవాణ్ణి.

మొదటిరోజు పద్నాలుగు మంది పిల్లలు చాప మీద కూర్చున్నారు. టీచరమ్మ నా చేతిలో బొమ్మల పుస్తకం పెట్టి బస్సుకు పోయింది. ఎనిమిది పేజీలు. ఒక ఎనుము, ఒక కాకి, ఒక చెరువుకట్ట. ఎనుము నీళ్లు తాగడానికి పోతుంది, కాకి దాని వీపు మీదెక్కి బోధ చేస్తుంది, అంతే కథ. మొదటి పేజీ సాఫీగా పోయింది. రెండో పేజీలో కాకిని చూసి ఎనుము "ఆశ్చర్యపోయింది" అని ఉంది. నా బండి ఆగింది. పద్నాలుగు మొహాలు నావైపే చూస్తున్నాయి. నేను నోరు బార్లా తెరిచి, "ఎనుము మా మేనమామ మాదిరి నోరు తెరుచుకుని నిలబడింది" అన్నాను. పిల్లలు చాప మీద పడి దొర్లారు.

ఇక ఆగలేదు. "నిశ్శబ్దంగా" అని ఉన్నచోట, "మా ఆవిడ నా జేబు వెతికినంత మెల్లగా" అన్నాను. ఇంకోచోట కాకితో తుమ్మించాను. నాలుగు రోజులకే పక్క తరగతి పిల్లలు కిటికీలకు వేలాడారు. నేను ఒక వాక్యం చదవడం, వాళ్లు నా వెనకాల అనడం. తర్వాత ఒక్కొక్కరికే పుస్తకం ఇస్తే వాళ్లు గడగడా చదవడం. నాకే నమ్మబుద్ధి కాలేదు. టీచరమ్మ గోడకు ఒక కాగితం అంటించింది. ఎవరైనా తమంతట తాము ఒక పుస్తకం మొత్తం చదివితే పేరు పక్కన టిక్కు పెట్టమంది. రెండు నెలల్లో ఆ కాగితం నిండా టిక్కులే. అన్ని టిక్కులు నా పుస్తకంలో ఏ సారూ పెట్టలేదు. ఆ కోపమంతా నేను ఆ కాగితం మీద తీర్చుకున్నాను.

అందరిలోకీ చురుకైనది మగ్గాల వీధి చివరి ఇంటి పిల్ల. నాలుగో తరగతి. రెండు జడలు, ముందు పళ్ల మధ్య సందు. నేను ఎక్కడ దగ్గుతానో అక్కడ దగ్గేది. ఎక్కడ పేజీ తిప్పుతానో అక్కడే వేలు తడుపుకుని తిప్పేది. నన్ను "మైకు మామా" అని పిలిచేది. బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టినప్పుడు ఆ పిల్లే లేచి ఎనుము కథ చదివింది. మేనమామ దగ్గర జనం పడీపడీ నవ్వారు. టీచరమ్మ కూడా నవ్వింది. ఈ పిల్లను కర్నూలులో హాస్టలున్న బడికి పంపించాలని అక్కడే అనుకుంది. ఐదో తరగతిలో చేర్చుకోవడానికి పరీక్ష పెడతారు. దరఖాస్తుకు ఇంకా ఇరవై రోజుల గడువుంది. దరఖాస్తు కాగితం నా చేతికే ఇచ్చి, ఆ ఇంట్లో పెద్దామె వేలిముద్ర వేయించుకుని రమ్మంది.

ఆ ఇంట్లో పిల్ల అమ్మానాన్నా చెరో మగ్గం నేస్తారు. వాళ్లిద్దరికీ కావలసిన నూలు కండెలు పిల్ల అవ్వ రాట్నం మీద చుడుతుంది. ఇంట్లో మాట ఆమెది. నేసిన చీర మడత పెట్టేముందు ఆమె చేతుల మీదుగా పోవాలి. బుటాల మీద, అంటే చీరలో నేసిన పువ్వుల మీద, వేళ్లు పోనిస్తూ ఎక్కడ ఒక పోగు తప్పినా అక్కడ ఆగుతుంది. పిల్ల సంగతి వీధిలో అందరికీ తెలిసేట్టు ఆమె ముందే చెప్పి ఉంది. చదవడం వస్తే కర్నూలుకు పంపిస్తుంది. రాకపోతే అంతదూరం పోయి నలుగురిలో తలదించుకోవడం ఎందుకు, తన కళ్లు ఎట్లాగూ మసకబారుతున్నాయి, రాట్నం దగ్గర పిల్లను కూర్చోబెడుతుంది. అందులో నాకు తప్పేమీ కనపడలేదు. పిల్లకు చదవడం వచ్చు కదా. కాగితం మీద టిక్కు పెట్టింది నేనే కదా.

ఆ మర్నాడు ఆదివారం. పొద్దున ఎనుము పుస్తకమూ దరఖాస్తూ పట్టుకుని పోయాను. అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. లోపల మగ్గాలు ఆడుతున్నాయి. నేను సంగతి చెప్పి, పిల్లను పిలిచి పుస్తకం ఇచ్చాను. పిల్ల చదివింది. ఒక్క దగ్గు తప్పలేదు. మేనమామ దగ్గర లోపల మగ్గం మీదున్న వాళ్ల నాయన నవ్వడం వినపడింది. అవ్వ నవ్వలేదు. తనివితీరా విన్నట్టే తల ఊపి, పుస్తకం అడిగి ఒళ్లో పెట్టుకుంది. పేజీల మీద వేళ్లు పోనిచ్చింది, చీర మీద పోనిచ్చినట్టే. కళ్లు దగ్గరగా పెట్టి చూసింది. మొదటి పేజీలో ఒక మాట మీద వేలు పెట్టి, ఇదేందని పిల్లను అడిగింది.

పిల్ల పై వరసను నోట్లో గొణుక్కుని, అక్కడిదాకా వచ్చి, "చెరువుకట్ట" అంది.

అవ్వ పేజీ తిప్పింది. చాలాసేపు వెతికింది. రెండో పేజీలో ఇంకో మాట మీద వేలు పెట్టింది. పిల్ల మళ్లీ గొణుక్కుంది. ఈసారి లెక్క ఎక్కడో తప్పింది. "మేనమామ" అంది.

అవ్వ నావైపు తిరిగింది. "ఏమప్పా, నాకు సదువు లేదు. బుటాలు తెల్సు. ఈ బుటా, ఆ బుటా ఒకటే. ఒక్కే అచ్చు. మల్ల ఇది ఈడొకటి చెప్తాది, ఆడొకటి చెప్తాది. ఏందిది?"

నేను వంగి చూశాను. అవును, రెండుచోట్లా చెరువుకట్టే. ఎనిమిది పేజీల్లో ఎక్కడా మేనమామ లేడు. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. పిల్ల నా మొహం చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. సారు బెత్తం వెతుక్కునేటప్పుడు నేను తరగతి వైపు చూసిన చూపు అది. ఎవరైనా నవ్వితే గండం గడుస్తుంది.

నేను చేయగలిగింది నేను చేశాను. "మేనమామ చెరువుకట్ట మీదే కూర్చుంటాడు అవ్వా, అందుకని రెండూ ఒకటే" అన్నాను.

మగ్గం ఆగింది. ఎవరూ నవ్వలేదు.

అవ్వకు కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే బాగుండేది, కోపం మీద ఎట్లా స్వారీ చేయాలో నాకు తెలుసు. ఆమె పుస్తకం పక్కన పెట్టి, నా చేతిలోని దరఖాస్తు చూపించి, దాంట్లో ఏం రాసిందో చదవమంది. వేలిముద్ర వేసేముందు వినాలి కదా అంది. నేను మొదలుపెట్టాను. పిల్ల పేరు, పుట్టిన తేదీ, ఊరు, మండలం. బాగానే పోతోంది. తర్వాత "సంరక్షకుని ధ్రువీకరణ" వచ్చింది. ఆ మాటను నేను ఇప్పుడు చూడకుండా రాయగలను. ఆరోజు అది నా ముందు కొండలాగా నిలబడింది. ఒక్క క్షణం ఆగి, "ఇది సర్కారోళ్లు మనల్ని తిట్టుకునే చోటులే అవ్వా, మనకెందుకు" అని తర్వాతి వరసలోకి దూకాను.

ఆమె వేలు కాగితం మీద ఆ మాట దగ్గరే దిగింది. నేను ఆగిన చోటు ఆమెకు ఎట్లా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. నా కళ్లు చూస్తూ ఉండి ఉంటుంది.

"ఈడ పోగు తెగింది" అంది. "నువ్వు నగు పెట్టి ముడేసినావు."

ఇరవై రెండేళ్లుగా మైకులో అరుస్తున్న ఊరు. ఆరేళ్లు చదివిన బడి. పెళ్లాడిన మనిషి. నా కూతుళ్లు. ఒక్కరికీ దొరకనివాణ్ణి, అక్షరం ముక్క రాని ముసలామెకు ఒక ఆదివారం పొద్దున అరుగు మీద దొరికిపోయాను.

ఆమె అంతటితో తలుపు వేసేసి ఉంటే ఈ కథ ఆమె మీద నెట్టేసి నేను హాయిగా ఉండేవాణ్ణి. ఆమె అట్లా చేయలేదు. దరఖాస్తును మడిచి తన దిండు కింద పెట్టుకుంది. గొంతు తగ్గించి, లోపలివాళ్లకు వినపడకుండా చెప్పింది. "ఇంగా ఇరవై దినాలుండాది గదా. రేపట్నుంచి నువ్వీడికే రాప్పా. ఇదీ నువ్వూ ఇద్దురూ కూసోని ఒక్కొక్క బుటా చూసి సదవండి. నేను పక్కన కండెలు సుట్టుకుంటా చూస్తాంటా. నీ సంగతి ఎవురికీ చెప్పన్లే."

వస్తానన్నాను. పిల్ల వీధి మలుపు దాకా నా వెంట వచ్చింది. రేపు ఎన్ని గంటలకు వస్తావు మామా అని అడిగింది. బడి వదిలినాక అన్నాను.

పోలేదు.

మొదటిరోజు నంద్యాల దారిలో చాటింపు ఉందని నాకు నేను చెప్పుకున్నాను. నిజంగానే ఉంది. రెండోరోజు లేదు. ఆటో ఆ వీధి మొదట్లో నిలిపి, మలుపు దాకా చూసి, వెనక్కి తిప్పాను. పిల్ల పక్కన చాప మీద కూర్చుని, వేలు పెట్టి ఆశ్చర్యం అనే మాటను కూడబలుక్కుంటూ చదవడం, పక్కన ముసలామె చూస్తూ ఉండడం. ఆ బొమ్మ నా కళ్లకు కట్టేది. ఆటో ఇంకో దారి పట్టించేవాణ్ణి. బడిలో సాయంత్రం పాఠాలకూ పోవడం మానేశాను. గొంతు బాగా లేదని కబురు చేశాను. గొంతు బాగా లేదని చాటింపులో కూడా చెప్పగలిగినంత బాగుంది గొంతు.

పోకపోవడం ఒక ఎత్తు. దానిమీద నేను చేసింది ఇంకో ఎత్తు. టీ అంగడి దగ్గర ఈ కథ చెప్పడం మొదలుపెట్టాను. నేను కాగితం చదవలేని సంగతి తీసేశాను. మిగిలింది, పుస్తకాన్ని చీర అనుకుని తడిమిన ముసలామె. ఆమె కళ్లు చికిలించడం, వేళ్లు పోనివ్వడం, "ఈ బుటా, ఆ బుటా" అనడం, అన్నీ చేసి చూపించేవాణ్ణి. జనం టీ గ్లాసులు ఒలకబోసుకున్నారు. ఇంకోసారి చెప్పమని అడిగేవాళ్లు. ఒకరోజు అట్లా చూపిస్తూ వెనక్కి తిరిగితే పిల్ల వాళ్ల నాయన టీకి వచ్చి చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. చెంబు నింపించుకుని వెళ్లిపోయాడు. అరుగు మీద నా మేనమామకు ఆరోజు నవ్విన మనిషి ఆయన ఒక్కడే.

గడువు ముగిసే రోజు టీచరమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చి దరఖాస్తు ఏమైందని అడిగింది. పిల్లను అడిగితే తల దించుకుని మామనే అడగమందట. ఏం చెప్పాలో ఆలోచించుకోవడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. అది తలుచుకుంటేనే నాకు ఇప్పుడు భయం వేస్తుంది. "ముసిల్ది ఒప్పుకోలేదు మేడం" అన్నాను. ఆమె నిట్టూర్చింది. ఈ మగ్గాల ఇళ్లల్లో ఆడపిల్లల బతుకు ఇంతేలే అన్నా, నువ్వైనా ఏం చేస్తావు అంది. నన్ను ఓదార్చింది. దరఖాస్తు మడత నలగకుండా ఆ ఇంట్లో దిండు కింద ఉంది. ముసలామె దాన్ని ఎవరికీ ఇవ్వలేదు, నా సంగతి ఎవరికీ చెప్పనూ లేదు. చెప్పనని మాట ఇచ్చింది కదా. ఆ యేడాది చివర్లో టీచరమ్మకు బదిలీ అయింది. గోడ మీది కాగితం మాత్రం చాలా రోజులు ఉండింది, పిల్ల పేరు పక్కన నా టిక్కులతో.

పిల్ల ఐదో తరగతి మా ఊరి బడిలోనే చదివింది. చదివింది అంటే పేరు అక్కడ ఉంది, మనిషి ఎక్కువ రోజులు రాట్నం దగ్గర ఉండేది. ఆరో తరగతికి పేరు కూడా లేదు. నేనూ ఆరులోనే మానేశాను. నన్ను మాన్పించడానికి ఒక సారు, ఒక బెత్తం, మా నాయన, ఇంతమంది కావలసి వచ్చింది. ఆ పిల్లకు నేనొక్కణ్ణే చాలాను.

నేను చదవడం నేర్చుకున్నాను. తలుపు గడియ పెట్టుకుని, నా చిన్నకూతురి పాత వాచకం ముందేసుకుని, వేలు పెట్టి. దాదాపు ఏడాది పట్టింది. నవ్వించడానికి ఎదురుగా ఎవరూ లేకపోతే నేను అంత మొద్దునేం కాదని తెలిసింది. ఇప్పుడు చాటింపు కాగితాలు చూసే చదువుతున్నాను. ఊళ్లో ఎవరికీ తేడా తెలియలేదు. తేడా తెలియాలంటే నాకు చదవడం రాదని ముందు తెలిసి ఉండాలి కదా.

మొన్న వేసవి అయిపోయే రోజుల్లో ఆ ఇంటికి పోయాను. అదే ఎనుము పుస్తకం బడిలో అడిగి తెచ్చుకుని చంకలో పెట్టుకున్నాను. అరుగు మీద అవ్వ పడుకుని ఉంది. కళ్లు దాదాపు పోయాయి. నా అడుగుల చప్పుడు విని ఎవరని అడిగింది. మైకువాణ్ణి అంటే, కూర్చో అంది. రాట్నం ముందు పిల్ల కూర్చుని ఉంది. పొడుగైంది. పళ్ల సందు పూడిపోయింది. కుడిచెయ్యి రాట్నం తిప్పుతోంది, ఎడమచేతి వేళ్ల మధ్య నుంచి నీలం నూలు కండె మీదికి పోతోంది.

వీధిలో నడిచి వస్తూ ఒక హాస్యం తయారు చేసుకున్నాను. ఎనుము ఇంకా చెరువు దగ్గర నీ కోసమే కాచుకుని ఉందని. నోటిదాకా వచ్చింది, మింగేశాను. పిల్లతో మామూలుగా చెప్పాను. తప్పు నాదే అమ్మీ, ఆరోజు రావాల్సింది, రాలేదు. కర్నూలు బడి పోయింది, సరే. కానీ చదవడం ఇప్పుడైనా నేర్చుకోవచ్చు. రోజూ వస్తాను. ఈసారి నవ్వులాటలు ఉండవు, ఉన్నది ఉన్నట్టు చదువుదాం అన్నాను. పుస్తకం తీసి ఆమె ముందు పెట్టాను.

రాట్నం ఆగలేదు. పుస్తకం వైపు ఒకసారి చూసింది. నిండిన కండె తీసి గంపలో వేసి, ఖాళీ కండె ఎక్కించి, పోగు అందుకుంది. అప్పుడు నావైపు చూసింది, వాళ్ల అవ్వ చూసినట్టే.

"నగిచ్చకుండా సదివేది నీకొచ్చునా, మామా?"